మూడున్నరకి నీడ

రాత్రి రెండింటికి ఈనింది బొల్లిది.
పదకొండు కూనలు.
పన్నెండోది కూడా ఉంది,
దాని సంగతి తర్వాత చెప్తాను.

పోయినేడు ఇదే మంచులో
రెండొందల యాభై వాట్ల ఎర్ర బల్బులు ఆరు
తెల్లార్లూ వేలాడేవి షెడ్డులో.
అవతలి గట్టు నుంచి చూసినోళ్ళు
లంకలో ఏదో జాతర అనుకునేవారు.
నెల తిరిగి బిల్లు చేతికొస్తే
జాతర ఖర్చు ఎవరిదో తెలిసేది.

మీటరు చూడ్డానికొచ్చే నూకరాజు
ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని
అంకెలు పైకి చదివేవాడు.
నా చెవిలో అవి తవుడు బస్తాలై దొర్లేవి.

ఒక రాత్రి ముమ్మిడివరం సబ్‌స్టేషన్‌లో ఏం కాలిందో
మూడు గంటలు చీకటి.
బల్బు ఆరిన చోటే
ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకున్నాయి కూనలు.
తెల్లారి చూస్తే
అడుగున ఉన్నవి నాలుగు లేవలేదు.

మా అత్త కావడి పైడమ్మ
కాలవ గట్టు మీద మందని తోలుకుంటూ
ముప్పయ్యేళ్ళు నడిచిన మనిషి.
గోతిలో మట్టి కప్పుతుంటే పక్కన నిలబడి అంది:
"పందుల్ని కాయమంటే
గాలిని కాస్తున్నావే పిల్లా."

ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది.
ఆ తర్వాత రంపం తీశాను.
విరిగిన మంచం చెక్కలు, చుట్టూ ఊక కూరిన గోనెలు,
గుమ్మానికి చినిగిన పట్టా.
మోకాలెత్తు పెట్టె.
లోపల అరవై వాట్ల బల్బు ఒక్కటి.
చెయ్యి పెట్టి చూశాను,
నిద్రపోతున్న బిడ్డ చంకలా ఉంది.

పెంట ఇదివరకు మురుగుకోడులోకి పోయేది,
ఊరు మా ఇంటిపేరుతో తిట్టేది.
ఇప్పుడది గొయ్యిలో మూతేసుకుని గుడగుడలాడుతుంది.
ఎండెక్కేకొద్దీ నల్ల బెలూను పొట్ట ఉబ్బుతుంది.
చలికి దానికీ బద్ధకమే, సగం గాసే ఇస్తుంది.
ఆ సగం మీదే హోటల్ కుడితి మరుగుతుంది,
కట్టెలు కొనడం మానేశాం.

మా ఆయన ఆ మంట మీద టీ పెట్టి
నూకరాజుకిచ్చాడు.
గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడతను.
తాగడం నేను చూడలేదు.
గ్లాసు మాత్రం ఖాళీ,
పక్కన మట్టి తడిగా లేదు.

ఇక సోలారు పలకలు.
బ్యాంకు అప్పు, ఆరు పలకలు,
బోరుకీ, వేసవిలో ఫ్యాన్లకీ.
పొద్దున్నే మంచునీళ్ళతోనే తుడుస్తాను,
కాకులకి మా అప్పు సంగతి తెలీదు కదా.

మూడున్నరకి వచ్చేది నీడ.
మట్టపర్తి ధర్మారావు గారి కొబ్బరిచెట్టుది.
ముందు ఒక్క మట్ట, తర్వాత మొవ్వంతా.
ఒక పలక కుంటితే వరసంతా కుంటుతుందని
బిగించిన కుర్రాడు చెప్పాడు.

వెళ్ళి అడిగాను.
ఆయన వేళ్ళు మడిచాడు: ఏడాదికి తొంభై కాయలు.
నేనూ మడిచాను: రోజుకి యూనిటున్నర.
ఇద్దరి వేళ్ళూ అయిపోయాయి.
పైన చెట్టు
ఎవరి లెక్కా పట్టనట్టు ఊగుతోంది.

రేకుల మీంచి దింపి, ఇనప కాళ్ళు పెట్టించి,
గడ్డివాము పక్కకి
పది బారలు తూర్పుకి జరిపాం పలకల్ని.
ఇప్పుడు నాలుగుంపావుకి వస్తుంది నీడ.
ఆ తర్వాతి ఎండ చెట్టుకే వదిలేశాను.
దసరాకి రెండు గెలలు పంపాడు ధర్మారావు,
ఎందుకో చెప్పలేదు.

నిన్న రాత్రి మళ్ళీ కరెంటు పోయింది.
టార్చి పట్టుకుని పరిగెత్తాను.
పెట్టెలో పదకొండూ
పక్కపక్కనే, విడివిడిగా, మూతులు చాచి.
ఊక ఇంకా వెచ్చగానే ఉంది.

పన్నెండోది అరచేతంత.
ఆఖర్న, ఎవరూ ఎదురుచూడనప్పుడు పడింది.
అది పెట్టెలో లేదు.
గోడకి జారగిలబడి నిద్రపోతున్న అత్త
చీర కుచ్చిళ్ళలో కదులుతోంది.
తెల్లారేలోపు రెండు చుక్కలు తాగింది.
చూడాలి.

ఇవాళ రీడింగు రోజు.
టీకి నీళ్ళు పెట్టాను.